భయం ఒక దారిలో, జబ్బు ఇంకో దారిలో

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఆఫ్రికా గురించే. పిల్లలు ఉద్యోగాలకి అటు వెళ్తున్నారు కాబట్టి కొన్ని, టీవీలో ఎబోలా అనే మాట మళ్ళీ మళ్ళీ వినపడుతోంది కాబట్టి కొన్ని. అన్నీ వెయ్యడానికి చోటు లేదు, ఐదు తీసుకున్నాను.

ప్రశ్న: మా అబ్బాయికి నైజీరియాలో, లాగోస్‌లో ఉద్యోగం వచ్చిందండి. జీతం బాగుంది, వాడు వెళ్తానంటున్నాడు, మా ఆయన కూడా వెళ్ళనీ అంటున్నారు. నాకే నిద్ర పట్టట్లేదు. అక్కడ ఎబోలా ఉంటుందంట కదా, వస్తే మనిషి బతకడంట కదా. పంపమంటారా, వద్దంటారా? — ఒక తల్లి, భీమవరం

అమ్మా, పంపాలా వద్దా అన్నది మీ ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిన మాట, అది నేను చెప్పకూడదు. కానీ మీ భయమంతా ఎబోలా మీదే ఉంది, అది సరైన చోట లేదు అని మాత్రం గట్టిగా చెప్పగలను.

లాగోస్‌కి ఎబోలా రాలేదని కాదు, వచ్చింది. 2014 జులైలో లైబీరియా నుంచి విమానంలో వచ్చిన ఒక ప్రయాణికుడితో వచ్చింది. రెండు కోట్ల దగ్గర జనం ఉన్న సిటీ, అప్పట్లో ప్రపంచమంతా ఇక అయిపోయింది అనుకుంది. ఆ రోగిని చూసిన డాక్టర్ అమెయో స్టెల్లా అడాడెవో, పంపించెయ్యమని ఎంత ఒత్తిడి వచ్చినా ఆయన్ని ఆస్పత్రి గడప దాటనివ్వలేదు, తర్వాత అదే జబ్బు తనకి సోకి ఆగస్టులో చనిపోయారు, ఆవిడ పేరు మన పిల్లలకి కూడా తెలియాలి అని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఆ తర్వాత నైజీరియా వాళ్ళు పోలియో కోసం తయారుచేసుకున్న టీమ్‌లనే దీనికి మళ్ళించి, రోగులకి దగ్గరగా మెలిగిన 894 మందిని వెతికి పట్టుకుని రోజూ ఇళ్ళకెళ్ళి జ్వరం చూశారు. మొత్తం దేశంలో 20 కేసులు, 8 మరణాలు, అక్టోబర్ 20కల్లా ఎబోలా లేని దేశం అని ప్రకటన వచ్చింది. పైగా ఎబోలా గాలిలో వచ్చేది కాదు, రోగి ఒంటి ద్రవాలు తగిలితేనే వస్తుంది, ఆఫీసుకెళ్ళి వచ్చే కుర్రాడికి ఆ అవకాశం చాలా చాలా తక్కువ.

మీరు భయపడాల్సింది దోమకి. 2023లో ప్రపంచంలో మలేరియాతో 5 లక్షల 97 వేల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, వాళ్ళలో వందకి 95 మంది ఆఫ్రికాలోనే, ప్రపంచంలోని మొత్తం మలేరియా మరణాల్లో 30 శాతానికి పైగా ఒక్క నైజీరియాలోనే. లాగోస్ సిటీలో మిగతా దేశంతో పోలిస్తే తక్కువే, కానీ పని మీద బయటి రాష్ట్రాలకి వెళ్ళకుండా ఉండడు కదా.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దీన్ని మీ అబ్బాయి చేత రెండుసార్లు చదివించండి. అక్కడ పుట్టి పెరిగిన పెద్దవాళ్ళకి చిన్నప్పట్నుంచి మలేరియా వచ్చి వచ్చి ఒంట్లో కొంత నిరోధకశక్తి ఏర్పడి ఉంటుంది, అందుకే ఆఫీసులో పక్క సీటాయన మలేరియానా, ఏముంది, రెండు రోజులు మాత్రలు వేస్తే పోతుంది అంటాడు, ఆయన అబద్ధం చెప్పట్లేదు, ఆయన విషయంలో అది నిజమే. మీ అబ్బాయికి ఆ శక్తి లేదు. అక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం రకం, మందు పడకపోతే ఒకటి రెండు రోజుల్లోనే మెదడు దాకా వెళ్ళగలదు. పక్కవాళ్ళ ధైర్యం చూసి ఇతను కూడా ఒక పారాసిటమాల్ వేసుకుని పడుకుంటే అదే ప్రమాదం. జ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష, అంతే, ఇంకో ఆలోచన వద్దు. దోమతెర, ఒంటికి రాసుకునే క్రీము, వెళ్ళేముందు డాక్టర్ని అడిగి ముందుజాగ్రత్త మాత్రలు. సెలవులకి ఇంటికొచ్చాక రెండు మూడు నెలల్లోపు జ్వరం వచ్చినా సరే, నేను నైజీరియా నుంచి వచ్చాను అని డాక్టర్‌కి మొదటి మాటగా చెప్పాలి, ఇక్కడి డాక్టర్లు వైరల్ అనుకుని పొరపడే అవకాశం ఉంది.

ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి, ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, హైదరాబాద్ నారాయణగూడలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఆ సర్టిఫికెట్ జీవితాంతం పనిచేస్తుంది, అది లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్‌లో పెట్టగలరు. ఇంకోటి, రాత్రిళ్ళు హైవే ప్రయాణాలు వద్దని చెప్పండి. జనాభా లెక్కన చూస్తే రోడ్డు ప్రమాదాల్లో చనిపోయేవాళ్ళు ప్రపంచంలో ఎక్కువ ఆఫ్రికాలోనే, ఏటా లక్షకి 19 మంది. సీటుబెల్టు గురించి ఏ అమ్మా దిగులు పడదు, కానీ పడాల్సింది దానికే.

ప్రశ్న: నేను డిగ్రీ సెకండియర్ సార్. ఆఫ్రికల మస్తు ఊర్లల్ల మనిషి చనిపోతే రిజిస్టర్ గూడ చెయ్యరంటరు గదా, మరి మలేరియాతోని ఇంతమంది, టీబీతోని ఇంతమంది అని ఎట్ల లెక్కపెడ్తరు? ఉత్తగ అంచనాలేనా? — ఒక విద్యార్థి, వరంగల్

చాలా మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ. నిజమే, ఆఫ్రికా ప్రాంతంలో జరిగే మరణాల్లో పదో వంతు మాత్రమే రిజిస్టర్ అవుతున్నాయని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. డాక్టర్ రాసిన మరణ కారణం ఉండటం అంతకన్నా అరుదు. అయితే ఉత్త అంచనా అని తీసిపారేసేంత వట్టిది కూడా కాదు.

కొన్ని ప్రాంతాల్ని ఎంచుకుని అక్కడ ప్రతి ఇంటికీ ఏళ్ళ తరబడి క్రమం తప్పకుండా తిరుగుతారు, ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఎవరు వలస వెళ్ళారు అని రాసుకుంటారు. ఘనాలో నవ్రోంగో, కెన్యాలో కిలిఫి, టాంజానియాలో ఇఫకారా, దక్షిణాఫ్రికాలో అగిన్‌కోర్ట్, ఇవన్నీ అలాంటి చోట్లే. ఎవరైనా చనిపోయారని తెలిస్తే కొన్ని వారాలు ఆగి, శిక్షణ ఉన్న మనిషి ఆ ఇంటికి వెళ్ళి కూర్చుని అడుగుతాడు, జ్వరం ఎన్నాళ్ళు వచ్చింది, దగ్గులో రక్తం పడిందా, ఛాతీ నొప్పి అన్నారా, ఎటువైపు, ఒళ్ళు వాచిందా అని. దీన్నే వెర్బల్ అటాప్సీ అంటారు. ఆ జవాబుల్ని డాక్టర్లో కంప్యూటరో చూసి, కారణం ఇదై ఉండొచ్చు అని తేలుస్తారు. యాక్సిడెంటు లాంటివి దీంతో బాగానే తెలుస్తాయి, జ్వరాల దగ్గరే చిక్కు, ఎందుకంటే మలేరియా జ్వరం, న్యుమోనియా జ్వరం, రక్తంలో ఇన్ఫెక్షన్ జ్వరం, అమ్మ నోట్లోంచి వినేటప్పుడు అన్నీ ఒకేలా ఉంటాయి.

ఇది మన దగ్గరా జరిగింది. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళలో, దాదాపు లక్షా 80 వేల జనాభాలో, ఒక ఏడాదిలో పోయినవాళ్ళ ఇళ్ళకి ఇలాగే వెళ్ళి అడిగారు. పల్లెటూళ్ళలో అంటువ్యాధులే ఎక్కువ చంపుతాయి అనుకుంటున్న రోజులవి, తీరా చూస్తే గుండె, రక్తనాళాల జబ్బులే మొదటి స్థానంలో ఉన్నాయి, మూడో వంతు దగ్గర. దేశమంతటా ఇదే పద్ధతిలో జరిగిన పెద్ద అధ్యయనం 2010లో ఇండియాలో ఏటా మలేరియాతో 2 లక్షల మందికి పైగా పోతున్నారని చెప్తే, అప్పటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా 15 వేలే. పదిరెట్లకి పైగా తేడా! పెద్ద గొడవే అయింది. అందుకే నువ్వు ఏ అంకె చూసినా దాని పక్కన ఇంత నుంచి ఇంత మధ్యలో అని ఒక వెడల్పు ఉంటుంది, దాన్ని చూడు, పేపర్లలో దాన్ని వెయ్యరు.

ఇంక డాలీ అని ఒక కొలత వింటావు. 1990ల మొదట్లో క్రిస్టఫర్ మర్రే, అలన్ లోపెజ్ అనే ఇద్దరు చేసిన లెక్కలతో 1993 ప్రపంచ బ్యాంకు రిపోర్టులో ఇది బయటికొచ్చింది. ఎంతమంది పోయారు అని కాకుండా ఎన్ని ఆరోగ్యకరమైన సంవత్సరాలు పోయాయి అని చూడటం. 80 ఏళ్ళ పెద్దాయన పోయినా రెండేళ్ళ పాప పోయినా మరణాల పట్టీలో ఒకటే గీత, డాలీ లెక్కలో మాత్రం ఆ పాపది చాలా పెద్దది. చనిపోకుండా ఏళ్ళ తరబడి చూపు లేక, డిప్రెషన్‌తో, నడుంనొప్పితో గడిపినవాళ్ళు కూడా ఇందులోకి వస్తారు, ఇదివరకు వాళ్ళు ఏ లెక్కలోనూ లేరు. ఇప్పుడీ లెక్కలు ఎక్కువగా సియాటిల్‌లోని ఒక సంస్థలో తయారవుతున్నాయి, ఆఫ్రికా ఊళ్ళలో తిరిగి సమాచారం తెచ్చేది ఆఫ్రికా పరిశోధకులు, ఆ సమాచారంతో అంచనాలు కట్టే కంప్యూటర్ మోడల్ నడిపేది అమెరికాలో, దీని మీద అక్కడివాళ్ళకి అసంతృప్తి ఉంది, నాకైతే అది న్యాయమే అనిపిస్తుంది.

ప్రశ్న: జబ్బు భారం కొలుస్తారు సరే, భయాన్ని ఎలా కొలుస్తారండి? చదువురాని మనిషిని నీకు హెచ్ఐవీ వచ్చే అవకాశం ఎంత శాతం అని అడిగితే ఏం చెప్తారు? — లెక్కల టీచర్, అనంతపురం

మాస్టారూ, మలావీలో దీనికి గింజలు వాడారు. అడెలిన్ డెలవాండ్, హాన్స్-పీటర్ కోలర్ అనే ఇద్దరు పరిశోధకులు అక్కడి పల్లెల్లో ప్రతి మనిషికీ 10 చిక్కుడు గింజలు ఇచ్చి, ముందు పళ్ళెం పెట్టి, జరిగే అవకాశం ఎంత ఉందనిపిస్తే అన్ని గింజలు పెట్టు, అస్సలు జరగదు అనిపిస్తే ఒక్కటీ పెట్టకు, తప్పకుండా జరుగుతుంది అంటే పదీ పెట్టు అన్నారు. మొదట సరదాగా, రెండు రోజుల్లో సంతకెళ్తావా అని అడిగారు, తర్వాత, రెండు వారాల్లో వెళ్తావా అని. రెండో దానికి గింజలు తగ్గకూడదు కదా, దాదాపు అందరూ సరిగ్గానే పెట్టారు! బడి మొహం చూడనివాళ్ళు కూడా. సంభావ్యత అనేది మీ పుస్తకంలో పుట్టలేదు మాస్టారూ, వానని నమ్ముకుని విత్తనం వేసే ప్రతి మనిషికీ అది తెలుసు.

అసలు సంగతి దాని తర్వాత తేలింది. జనం ప్రమాదాన్ని తక్కువ అనుకుంటున్నారు, అందుకే జాగ్రత్తపడట్లేదు, కాబట్టి భయపెట్టాలి, అని ఆరోగ్య ప్రచారాలన్నీ అనుకుంటూ వచ్చాయి. మలావీ పల్లెల్లో చూస్తే తిరగబడింది. తమకి హెచ్ఐవీ ఉండే అవకాశాన్ని వాళ్ళు ఉన్నదానికన్నా చాలా ఎక్కువగా ఊహించుకుంటున్నారు. జబ్బు ఉన్న వ్యక్తితో ఒక్కసారి కలిసినా తప్పకుండా వస్తుంది అని చాలామంది నమ్మకం, నిజానికి స్త్రీ పురుషుల మధ్య ఒక్కసారికి అంటే సుమారు వెయ్యిలో ఒకటి దగ్గర, వేరే సుఖవ్యాధులు ఉంటే పెరుగుతుంది. చావు విషయంలోనూ అంతే, వచ్చే ఐదేళ్ళలో నేను పోవచ్చు అని పెట్టిన గింజలు అసలు మరణాల రేటుకన్నా బాగా ఎక్కువ. ఊళ్ళో వరసగా శవాలు లేవడం చూసినవాళ్ళు మరి, వాళ్ళ దృష్టితో చూస్తే ఆ గింజలు ఎక్కువేం కాదు.

ఎక్కువ భయం మంచిదే కదా అంటారేమో. కాదు మాస్టారూ. నాకు ఇప్పటికే వచ్చేసి ఉంటుంది, ఇక జాగ్రత్త ఎందుకు అనే ఆలోచన పుడుతుంది దాన్లోంచి. మలావీలోనే జేసన్ కెర్విన్ చేసిన అధ్యయనంలో ప్రమాదం మరీ ఎక్కువ అని నమ్మినవాళ్ళలో కొందరు ఆ నమ్మకం వల్లే జాగ్రత్త మానేస్తున్నారని కనిపించింది. భయం ఒక మోతాదు దాటితే మనిషి చేతులెత్తేస్తాడు.

దీనికి విరుగుడు కెన్యాలో దొరికింది. పశ్చిమ కెన్యా బడుల్లో పాస్కలిన్ డ్యుపా అనే ఆర్థికవేత్త ఒక చిన్న పని చేసింది. అప్పటిదాకా ప్రభుత్వ పాఠం ఒక్కటే, పెళ్ళిదాకా దూరంగా ఉండండి. ఈవిడ టీమ్ కొన్ని బడుల్లో ఆడపిల్లలకి ఒక చిన్న వీడియో చూపించి, ఏ వయసు మగవాళ్ళలో హెచ్ఐవీ ఎంతమందికి ఉందో అంకెలు బోర్డు మీద రాసి చూపించారు. ఈడువాడైన కుర్రాడికన్నా డబ్బులిచ్చి, ఫోన్లు కొనిచ్చి వెంటపడే పెద్ద వయసు మగాడిలో ఆ జబ్బు ఉండే అవకాశం చాలా ఎక్కువ, అమ్మాయిలు అప్పటిదాకా దీన్ని తిరగేసి అనుకున్నారు, స్థిరపడ్డ మనిషి కదా సేఫ్ అని. అంతే, ఒక గంట లోపు మాట. ఏడాది తిరిగేసరికి ఆ బడుల అమ్మాయిల్లో గర్భాలు 28 శాతం తగ్గాయి, ముఖ్యంగా పెద్ద వయసు మగవాళ్ళ వల్ల వచ్చేవి. దూరంగా ఉండండి అనే పాఠానికి ట్రైనింగ్ ఇచ్చిన బడుల్లో ఆ మార్పు లేదు. వద్దు అని చెప్పడం వేరు, ఎక్కడ ఎంత ప్రమాదమో చూపించి ఎంచుకోమనడం వేరు. మీరు లెక్కలు చెప్పేవారు కాబట్టి ఇంత పొడుగ్గా రాశాను.

ప్రశ్న: ఎన్ని వేల కోట్లు పెట్టినా అక్కడి జనం టీకాలు వద్దంటారు, ఎబోలా టైంలో ఆరోగ్య సిబ్బందిని కొట్టి చంపారు. మూఢనమ్మకాలు పోనంతవరకు ఎవరేం చేస్తారు? — రిటైర్డ్ ఉద్యోగి, గుంటూరు

మీ కోపం అర్థమైంది సార్. 2014 సెప్టెంబర్‌లో పశ్చిమ ఆఫ్రికా దేశమైన గినీలో వోమే అనే ఊళ్ళో ఎబోలా గురించి చెప్పడానికి వెళ్ళిన బృందంలో 8 మందిని చంపేశారు, దాన్ని ఎవరూ సమర్థించలేరు. కానీ మూఢనమ్మకం అనే మాటతో ఆపేస్తే మనకి ఏమీ తెలియకుండా పోతుంది.

నైజీరియా ఉత్తరాన కానోలో 2003లో పోలియో చుక్కలు ఆపేశారు, పిల్లలు పుట్టకుండా చేసే మందు కలిపారని పుకారు. దాదాపు ఏడాది ఆగింది, అక్కడి వైరస్ దాదాపు 20 దేశాలకి పాకింది. ఘోరమే. అయితే అదే కానోలో 1996లో మెనింజైటిస్ మహమ్మారి నడుస్తుండగా ఫైజర్ కంపెనీ 200 మంది పిల్లల మీద కొత్త యాంటీబయాటిక్ ప్రయోగం చేసింది, వాళ్ళలో 11 మంది చనిపోయారు. జబ్బు వల్లే పోయారు, మందు వల్ల కాదు అని కంపెనీ వాదన, ఇది ప్రయోగం అని మాకెవరూ చెప్పలేదు అని తల్లిదండ్రుల వాదన, చివరికి 2009లో కానో రాష్ట్రంతో 7.5 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది. ఏడేళ్ళ తర్వాత ఆ ఊళ్ళో ఎవరో తెలియని మనిషి చుక్కల డబ్బా పట్టుకుని గుమ్మంలోకొస్తే ఆ తల్లి అనుమానించడం మూఢత్వం అందామా?

దూరం ఎందుకు, మన ఖమ్మం జిల్లా చూడండి. 2009లో భద్రాచలం వైపు దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు నడిచింది. కొందరు పిల్లలు చనిపోయారు, 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకి టీకా కారణం కాదనే విచారణలో తేలింది, కానీ చాలామంది పిల్లలకి అమ్మానాన్నల సంతకం బదులు హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయని కూడా తేలింది. టీకా మంచిదే సార్, ఆ క్యాన్సర్ ఎంతమంది ఆడవాళ్ళని చంపుతుందో తెలిసినవాళ్ళెవరూ దాన్ని కాదనరు, అడగకుండా వెయ్యడమే దాన్ని చెడగొట్టింది.

ఎబోలా సంగతికొస్తే, చనిపోయినవాళ్ళని కడిగి, ముట్టుకుని సాగనంపడం అక్కడి ఆచారం, ఆ శవంలోనే వైరస్ ఎక్కువ. మొదట్లో ఏం చేశారంటే, తెల్ల సూట్లు వేసుకుని వచ్చి శవాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి తీసుకెళ్ళిపోయేవారు, ఎక్కడ పూడ్చారో కూడా ఇంటివాళ్ళకి తెలిసేది కాదు. దాంతో జనం రోగుల్ని దాచడం మొదలుపెట్టారు. 2014 నవంబర్‌లో పద్ధతి మార్చారు, ఇంటివాళ్ళు దూరంగా నిలబడి చూడొచ్చు, ఇమామో పాస్టరో ప్రార్థన చేస్తారు, సమాధి మీద పేరుంటుంది. ముట్టుకోవడం ఒక్కటే వద్దన్నారు, మిగతా గౌరవమంతా తిరిగి ఇచ్చారు, అప్పుడు జనమే పిలవడం మొదలైంది. ఆ ఎబోలాకి గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ మూడు దేశాల్లో కలిపి 11,300 మందికి పైగా పోయారు. ఆస్పత్రికెళ్తే ఎబోలా అంటుకుంటుందని భయపడి, ఉన్న ఆస్పత్రులు మూతపడి, మలేరియా, టీబీ, హెచ్ఐవీలకి మందు అందక పోయినవాళ్ళు ఇంకో 10 వేల దాకా ఉంటారని ఒక అంచనా. ఆ రెండోవాళ్ళ గురించి ఏ టీవీలోనూ రాలేదు.

ప్రశ్న: మలేరియా టీకా మన హైదరాబాద్‌లో తయారవుతుందంట కదా? అది వస్తే ఆఫ్రికాలో మలేరియా పోయినట్టేనా? — నర్సింగ్ విద్యార్థిని, కర్నూలు

టీకాలు రెండున్నాయమ్మా. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓకే చేసిన ఆర్‌టీఎస్,ఎస్ మొదటిది, దాని తయారీనే జీఎస్‌కే కంపెనీ హైదరాబాద్ భారత్ బయోటెక్‌కి బదిలీ చేస్తోంది. 2023లో ఓకే అయిన ఆర్21 రెండోది, దాన్ని పుణెలో సీరమ్ ఇన్‌స్టిట్యూట్ చేస్తుంది. ఘనా, కెన్యా, మలావీల్లో 2019 నుంచి మొదటి టీకా వేసి చూస్తే, టీకా వేసే వయసు పిల్లల్లో మొత్తం మరణాలే 13 శాతం తగ్గాయి, ఇది చిన్న విషయం కాదు. అయినా పోయినట్టు కాదు, ఇది పూర్తి రక్షణ ఇచ్చే టీకా కాదు, దోమతెర తియ్యకూడదు. నీలాంటివాళ్ళు పనిచేయాల్సిన చోటు ఇంకోటుంది, నాలుగో డోసు. మొదటి మూడు డోసులూ పాపకి ఏడాది నిండకముందే వేస్తారు, నాలుగోది దాదాపు రెండేళ్ళప్పుడు. అప్పటికి పిల్ల ఆడుకుంటూ తిరుగుతుంటుంది, జ్వరాలూ తగ్గి ఉంటాయి, క్లినిక్ చూస్తే మైళ్ళ దూరం, పొలం పని ఆపుకుని ఎందుకు వెళ్ళాలి అనిపిస్తుంది, అందుకే ఆ డోసుకి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. మూడో డోసు వేసిన రోజే నాలుగోది ఎప్పుడో కార్డు మీద పెద్దగా రాసి, ఎందుకో ఆ తల్లికి రెండు ముక్కల్లో చెప్పి పంపే నర్సు ఉన్నచోట ఆ పిల్లలు వెనక్కొస్తారు.